చిట్టెలుక మాయ

ప్రసవానంతరం మనం పారవేసే మాయ, చిట్టెలుక కడుపులో నిజంగానే మాయలు చేస్తుంది. ఆ ప్రాణి గర్భం మోసేది సుమారు 20 రోజులే. ఆ స్వల్పకాలంలోనే పీయూష గ్రంథి స్రవించే ప్రొలాక్టిన్‌ను పోలిన హార్మోనులను మాయ స్వయంగా సృష్టిస్తుంది. వాటిలో కొన్ని గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరోన్ స్రావాన్ని కాపాడతాయి. ఒకటి కొత్త రక్తనాళాలను చిగురింపజేస్తుంది. దాని తోబుట్టువు వంటి మరొకటి ఆ పెరుగుదలకు కళ్ళెం వేస్తుంది!

మనుషులలో ప్రొలాక్టిన్ జన్యువు ఒక్కటే. మన మాయ అటువంటి పనికి వృద్ధి హార్మోను వంశం నుండి జన్యువులను తెచ్చుకుంది. చిట్టెలుకలోనో, 13వ క్రోమోజోముపై ప్రొలాక్టిన్ కుటుంబపు జన్యువులు ఇరవైకి పైగా ఒకేచోట గుమిగూడి ఉన్నాయి.

ఇన్ని ఎందుకు? అమెరికాలోని కన్సాస్‌లో రూపశ్రీ ఐన్, మైకేల్ సోరెస్ ప్రభృతులు వాటిలో ఒక జన్యువును తొలగించి చూశారు. ఆ జన్యువు లేని ఎలుకలు నిక్షేపంగా చూలు దాల్చి పిల్లలను కన్నాయి. అది వృథా జన్యువని అక్కడితో తేల్చివేయవచ్చు. కాని ఆ శాస్త్రజ్ఞులు ఆగలేదు. గర్భంతో ఉన్న ఎలుకలను ప్రాణవాయువు తక్కువైన గాలిలో ఉంచారు. మామూలు ఎలుకలు ఆ కష్టానికి తగినట్లు తమ దేహస్థితిని సర్దుకున్నాయి. జన్యువు లేని తల్లులకు ఆ నేర్పు కొరవడింది. వాటి గర్భాలు నిలవలేదు. ఈ ఫలితం 2004లో వెలువడింది.