సినిమాకు ఇల్లు కట్టాలంటే అద్దాల మేడ చాలదు

రాజమహేంద్రవరం: ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి సినిమా స్టూడియో ఏ ఊళ్ళో వెలిసిందని అడిగితే ఇప్పటి కుర్రకారులో చాలామంది తెల్లమొహం వేస్తారు. 1936లో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్‌ను నెలకొల్పింది ఈ పట్టణంలోనే. 'సంపూర్ణ రామాయణం' తీసింది అక్కడే. తర్వాత పరిశ్రమ మద్రాసులో స్థిరపడింది, అక్కడినుంచి హైదరాబాదు చేరింది. గోదావరి ఒడ్డున మిగిలింది షూటింగుల సందడి.

ఇంత చరిత్ర ఉన్నచోట సినిమాను భద్రపరిచే భవనం కట్టాలంటే అది ఎలా ఉండాలి? ఇది ఇంజనీర్లు మాత్రమే ఆలోచించవలసిన సంగతి కాదు.

పోయినవి పోగా...

1921 నాటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' నేడు ఎక్కడా లేదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'దీ అదే గతి. ఆట ముగిశాక రీళ్ళకు విలువ లేదనుకున్న రోజులవి. ఫిల్ములోని వెండి కోసం పాత ప్రింట్లను కరిగించి అమ్ముకున్నవారు దేశమంతటా ఉన్నారు. పుణెలో 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడ్డాక, పి.కె.నాయర్ వంటి వారు ఊరూరా తిరిగి డబ్బాలు పోగుచేయబట్టి ఫాల్కే చిత్రాల రీళ్ళు కొన్నయినా దక్కాయి.

చూపించేచోట దాచరాదు

ఇటువంటి భవనం అనగానే మనవారికి తట్టేది నటీనటుల విగ్రహాలు, అద్దాల బీరువాల్లో దుస్తులు, ముందు ఒక ఫౌంటెను. అవి ఉండవద్దని కాదు. కాని ఫిల్ముకు కావలసింది జనం, వెలుతురు కాదు. చీకటి, చలి, పొడితనం.

అందుకే చాలా దేశాల్లో ఈ రెండు పనులనూ విడదీశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నది ఒడ్డున 'ఐ' ఫిల్మ్ మ్యూజియం 2012లో తెరిచారు. నాలుగు థియేటర్లు, ప్రదర్శనశాల అందులో ఉన్నాయి. ఫిల్ములను దాచే కేంద్రాన్ని మాత్రం వేరేచోట 2016లో కట్టారు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు మరో దారి తొక్కారు. వర్జీనియా రాష్ట్రంలో ఒకప్పుడు కరెన్సీ కట్టలు దాచిన బంకరునే సవరించి 2007 నుంచి ఫిల్ములు దాస్తున్నారు. నైట్రేట్ ఫిల్ముకే అక్కడ 124 గదులున్నాయి. మన దేశంలోనూ ముంబయిలోని గుల్షన్ మహల్‌లో, దాని పక్కన కొత్త భవనంలో 2019లో ప్రారంభించిన మ్యూజియం వేరు, పుణె ఆర్కైవ్ వేరు.

124 చిన్న గదులెందుకు, ఒక పెద్ద హాలు చాలదా అని అనుమానం రావచ్చు. 1950ల తొలినాళ్ళ వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్ళకు ఆరదు, గాలి లేకపోయినా మండుతూనే ఉంటుంది. ఒక గది పోయినా పక్కది మిగలాలన్నదే ఆ ఏర్పాటు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్ములు దాచినచోట నిప్పు పుట్టి ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి.

మన ఉక్కపోతకు తట్టుకోవాలి

తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్ము అలా మండదు గాని వేడికీ తేమకూ పులిసిపోతుంది. డబ్బా మూత తీస్తే సిర్కా వాసన కొడుతుంది. ఫిల్ము కుంచించుకుపోయి మెలి తిరుగుతుంది. మే నెల ఎండ, ఆపై నాలుగు నెలల వాన ఉన్న ఈ జిల్లాల్లో మామూలు గదిలో ఉంచితే అది పులియడానికి ఎంతోకాలం పట్టదు. రంగుల ఫిల్ముకైతే రెండు నుంచి నాలుగు డిగ్రీల చలి కావాలి. ఆ చలిలోంచి రీలును తిన్నగా బయటికి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమటపడుతుంది. కనుక మధ్యలో మరొక గది కట్టి, రీలు నెమ్మదిగా బయటి వేడికి అలవాటుపడే దాకా అందులో ఉంచాలి. ప్లానులో సామాన్యంగా మరిచిపోయేది ఈ గదినే.

ఇక స్థలం. ఏటిగట్టు పక్కన అందంగా ఉంటుంది, నిజమే. కాని 1986 ఆగస్టు వరద చూసినవారెవరూ నేలమాళిగ మాట ఎత్తరు. డబ్బాలుండే గది మెరక మీద, వీలైతే పై అంతస్తులో ఉండాలి. అంత బరువు మోసేలా స్లాబు వేయాలి. రెండున్నర గంటల సినిమా అంటే వెయ్యి అడుగుల రీళ్ళు పధ్నాలుగు.

ఏడాది పొడుగునా ఆగకుండా యంత్రాలు తిరగాలి. శిలాఫలకం వేసేనాటి ఉత్సాహం కరెంటు బిల్లు కట్టేనాటికి ఉండదన్నది అందరికీ తెలిసిందే. పెద్ద డోము తగ్గించి ఆ సొమ్ము జనరేటరుకు కేటాయిస్తే మంచిది.

క్యాబిన్ కూడా చూపాలి

జనం వచ్చే భాగంలో ఒక థియేటరు తప్పనిసరి. అందులో 35 ఎం.ఎం. ప్రొజెక్టరు ఉండాలి, క్యాబిన్‌కు అద్దం పెట్టి లోపల ఆపరేటరు చేసే పనిని పిల్లలకు చూపాలి. హాళ్ళన్నీ డిజిటల్‌కు మారినప్పుడు కార్బన్లతో వెలిగిన పాత యంత్రాలు పాత ఇనుము కింద పోయాయి. నేల, బెంచీ, కుర్చీ క్లాసులు, బస్సు మీద పెట్టె వచ్చిందా లేదా అని ఎదురుచూసిన టూరింగ్ టాకీసులు, హాలు బయట అమ్మిన పాటల పుస్తకాలు, గోడ పోస్టర్లు... వీటికీ చోటు కావాలి. విజయవాడ గాంధీనగరంలోని పంపిణీ కార్యాలయాల నుంచి ఊరూరికీ తిరిగిన ఆ పెట్టెల కథే ఒక గదికి సరిపోతుంది.

భవనం మాట ఎలా ఉన్నా, ఇళ్ళలో, మూతపడిన హాళ్ళలో రీళ్ళున్నవారు చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. డబ్బాలను నిలువుగా కాక పడుకోబెట్టాలి. ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టకూడదు. సిర్కా వాసన వచ్చేదాన్ని తక్షణం మిగతావాటినుంచి వేరుచేయాలి. 1950కి ముందువని అనుమానమున్న రీళ్ళ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు.