గ్లాసులో గోల్ఫు

మా వీధిలో నాకొక పేరు స్థిరపడిపోయింది: "చిర్రగోనె సారు". హనుమకొండలో ఇరవై యేళ్ళుగా ప్రబంధాలు పాఠం చెబుతున్నవాణ్ణని ఎవరికీ గుర్తుండదు. సాయంత్రం వసారాలో జంపఖానా పరిచి, పెద్ద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, కర్రతో తెల్లబంతిని అందులోకి నెడుతూంటే చూసినవాళ్ళు మాత్రం మరిచిపోరు.

ఈ తెగులు అంటించింది మా బావ. హైదరాబాదులో ఉంటాడు. గోల్కొండ నయాఖిలాలోని గోల్ఫు మైదానానికి నన్ను అతిథిగా తీసుకువెళ్ళాడు. కోట గోడల నడుమ ఆ పచ్చిక చూశాక, చెప్పొద్దూ, నలభయ్యారేళ్ళ వయసు మరిచిపోయాను.

అయితే ఆట నెలకొక్క ఆదివారమే. శనివారం సాయంత్రం కాజీపేటలో రైలెక్కాలి. పద్దెనిమిది గుంటలూ తిరిగేసరికి నాలుగు గంటలు దాటుతుంది. మధ్యలో ముప్ఫై రోజులు ఏం చెయ్యాలన్నదే చిక్కు.

బలంగా కొట్టడమే గోల్ఫు అనుకుని, మొదట డాబా ఎక్కి బంతి లేకుండా కర్ర ఝళిపించేవాణ్ణి. ఒకనాడు ఆరేసిన చీర కర్రకు చుట్టుకుంది. ఆ సాధన అంతటితో సరి.

తర్వాతి ఆటలో బావ నా దెబ్బలన్నీ కాగితం మీద రాయించాడు. పెద్ద మైదానాల్లో సాధారణంగా 72 దెబ్బల్లో ఆట ముగించడం నేర్పరుల లెక్క. అందులో సగం, అంటే గుంటకు రెండు చొప్పున 36, గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీదికే పోతాయి. నా కాగితంలో అవి 44! దూరం కొట్టలేక కాదు, దగ్గరికి వచ్చి తప్పుతున్నాను.

అసలు గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. మా గ్లాసు మూతి మూడే. దీనికి అలవాటుపడ్డ కంటికి అక్కడి గుంట బావిలా కనబడుతుంది. జంపఖానాకు వాలు లేదు, నిజమే. బంతి కర్రను వదిలేటప్పుడు తిన్నగా వెళ్ళడం ఇక్కడా నేర్చుకోవచ్చు.

బావ పెట్టిన షరతు ఇది: మూడడుగుల దూరం నుంచి వరసగా పది పడాలి. ఒకటి తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. మొదటి ఆరూ ఆటే. ఎనిమిదో బంతికి అరచెయ్యి చెమర్చుతుంది. తొమ్మిదికి ఊపిరి ఎక్కడ పీల్చాలో తెలియదు. ఇంట్లో, ఎవరూ చూడకుండా, పందెమేమీ లేకుండా చెయ్యి వణకడమేమిటని నాకే సిగ్గు వేసేది. ఆ వణుకు కోసమే ఆ షరతు అని తర్వాత అర్థమయింది.

2021లో టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగు రోజులు, 72 గుంటలు ఆడి 269 దెబ్బల్లో ముగించింది. రజత, కాంస్యాలు తీసుకున్న ఇద్దరివీ 268. ఒక్క దెబ్బ! ఆ శనివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పాలా?

నాకు పతకాలేమీ రావు. అసలు సంగతి మా బావ మోకాలు. నేను తప్పినప్పుడల్లా ఆయన కర్రమీద బరువు మోపి నిలబడాలి. "ఫరవాలేదోయ్, తీరిగ్గా కొట్టు" అంటూనే కాలు మారుస్తాడు. 44 దెబ్బలంటే ఆయనకు అంతసేపు నిలుచునే శిక్ష. జనవరిలో అమెరికాలో కొడుకు దగ్గరకు వెళ్ళిపోతున్నాడు. ఇక మిగిలినవి రెండే ఆటలు.

పోయిన నెల 38కి దిగాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు కాని ఏమీ అనలేదు.

ఈ రాత్రి వరసగా తొమ్మిది పడ్డాయి. పదోదానికి వంగానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ: "ఏమండీ, ఆ గ్లాసు ఇటిస్తారా? మజ్జిగకు చాలడం లేదు."

"ఒక్క నిమిషం!" అన్నాను.