అవ్వ చీరకు కత్తెర వేయవచ్చునా?

చెన్నైలోనో కోయంబత్తూరులోనో ఫ్యాషన్ చదువుతున్న మన ఆడపిల్లలు సెలవులకు కారియాపట్టి, అరుప్పుకోట, కోవిల్‌పట్టి వైపు వచ్చినప్పుడు అవ్వల ఇనప్పెట్టెలు తెరిచి పాత చీరలు అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా, కత్తెర వేయనివ్వవచ్చునా అని కొందరు తల్లులు మన సంఘాన్ని అడిగారు. ఆ పిల్లలు చేసే పని ఏమిటో తెలియకుండా జవాబు చెప్పలేము కనుక, ముందు దాన్ని వివరిస్తున్నాము.

వాళ్ళ చదువులో ఆ పనికి డ్రేపింగ్ అని పేరు. మామూలు దర్జీ టేపుతో కొలతలు తీసుకొని, గుడ్డ మీద సుద్దతో గీసి కత్తిరిస్తాడు. డ్రేపింగ్‌లో ముందు గీత ఉండదు. మనిషి ఆకారంలో ఉన్న బొమ్మ మీద గుడ్డ వేసి, లాగి, మడిచి, గుండుసూదులు గుచ్చుకుంటూ పోతారు. గుడ్డ ఎక్కడ జారుతుందో, ఎక్కడ నిలుస్తుందో చూసిన తర్వాతే కోత. పారిస్‌లో 1912లో తన దుకాణం తెరిచిన మడలేన్ వియొనే అనే ఆమె చిన్న కొయ్యబొమ్మ మీద ఇలాగే పనిచేసి, గుడ్డను ఏటవాలుగా వాడడంలో ప్రపంచమంతా పేరు పొందింది. అరుప్పుకోటలో మగ్గం తెలిసిన ఇళ్ళకు ఇందులో వింతేమీ లేదు. పడుగు వెంబడి లాగితే గుడ్డ సాగదు, మూలకు మూల పట్టి లాగితే బాగా సాగుతుంది. మన వీధి దర్జీ రవికను క్రాస్ కట్ చేసేది కూడా ఇందుకే.

పాత బట్టలతో ఈ ప్రయోగం చేసి పేరు తెచ్చుకొన్నవాడు బెల్జియం దేశస్థుడు మార్టిన్ మార్జియేలా. 1988లో పారిస్‌లో సంస్థ పెట్టి, పాత బట్టల కుట్లు విప్పి, లోపలి కుట్లూ లైనింగూ బయటికి కనబడేలా మళ్ళీ కుట్టాడు. సిపాయిల మేజోళ్ళు కోసి స్వెట్టర్లు చేశాడు. జనం డబ్బు పోసి కొన్నారు. నాలుగు పాత కోకలు పొరలుగా పరచి బొంత కుట్టిన మన అవ్వలకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు, అది వేరే సంగతి! మన దేశంలో ఢిల్లీ డిజైనరు అమిత్ అగర్వాల్ పాత బనారస్, పటోలా చీరలను కొత్త దుస్తులుగా మారుస్తున్నాడు.

అయితే, కుట్టు లేని గుడ్డను ఒంటి మీద నిలబెట్టే విద్యలో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఫ్రెంచి పరిశోధకురాలు శాంతాల్ బులాంజే ఊరూరా తిరిగి చీరకట్లు నేర్చుకొని 1997లో పుస్తకం వేసింది. రీతా కపూర్ చిష్తీ తన పుస్తకంలో 108 కట్లు చూపింది. ఈనాడు దేశమంతా కడుతున్న నివి కట్టు వాటిలో ఒక్కటి మాత్రమే. మన ప్రాంతంలో కుచ్చిళ్ళు వెనక్కి వచ్చే కట్టు ఉండేది. తమిళంలో పిన్‌కొసువం అంటారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కారైక్కుడి కండాంగి చీరను ఆ విధంగానే కట్టేవారు. కుచ్చిళ్ళు వెనక ఉండడంతో కాళ్ళకు అడ్డం రాదు, పొలం పనికి సులువు. మన ఇళ్ళల్లో ఈ కట్టు చేతనైనవారు ఇప్పుడు బాగా పెద్దవాళ్ళు. వాళ్ళతోపాటు ఆ విద్యా పోతుంది. చీర పెట్టెలో ఉంటే చాలదు.

ఇక కత్తెర మాట. గట్టిగా ఉన్న చీరను కోయరాదని మా అభిప్రాయం. బొమ్మ మీద గుండుసూదులతో, పెద్ద పెద్ద కుట్లతో ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు, తర్వాత విప్పి మడిచి పెట్టవచ్చు. పట్టు మీద మాత్రం సన్నని సూదులే వాడాలి, లావు సూది పెట్టిన బెజ్జం పోదు. చాలా ఏళ్ళు ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చిట్లుతుంది. అక్కడ వేళ్ళతో మెల్లగా లాగినప్పుడు పోగులు విడిపోతే ఆ చీర మళ్ళీ కట్టుకోవడానికి పనికిరాదు. అటువంటిదాన్ని పిల్లలకు ఇవ్వండి. అంచు, కొంగు తరచుగా బాగుంటాయి. వాటికి వెనక మెత్తని నూలు గుడ్డ వేసి కుడితే చాలాకాలం నిలుస్తాయి.

జరీ కోసం పాత పట్టుచీరలు కొంటామని వీధిలో వచ్చేవాళ్ళకు వేయడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. వాళ్ళు గుడ్డను కాల్చి వెండి తీసుకొంటారు. నేత పనితనం బూడిదవుతుంది.

ఒక షరతు మాత్రం పెట్టండి. చీర అడిగిన పిల్ల ముందు అవ్వ దగ్గర కూర్చుని, ఆమెకు తెలిసిన పాత కట్టు నేర్చుకోవాలి. ఫోనులో వీడియో తీసేటప్పుడు వెనక వైపు నుంచి కూడా తీయాలి, కుచ్చిళ్ళ పని అంతా అక్కడే ఉంది. చీర ఎంత పొడుగో, ఎక్కడ నేసిందో, ఏ పెళ్ళికి కొన్నదో అవ్వ నోటనే చెప్పించి పంపితే సంఘంలో భద్రపరుస్తాము.