కోనసీమలో మకాం ఎక్కడ?

కొబ్బరితోటలో కుటీరం, గోదావరి గట్టున గెస్ట్‌హౌస్, పాతకాలపు మండువా ఇంట్లో బస... ఫోన్లో ఫొటోలు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. వాటిలో మన కుటుంబానికి సరిపడేదేదో తేల్చుకోవడం ఎలా?

ఒకప్పుడు కోనసీమ వెళ్లేవాళ్లకు 'ఎక్కడ దిగాలి' అన్న బెంగే ఉండేది కాదు. మేనత్తగారిల్లో, పిన్నిగారిల్లో ఉండనే ఉండేది. చుట్టాలు లేనివారికి గుడి దగ్గర సత్రం. అదీ లేకపోతే అన్నం పెట్టే తల్లి ఎవరో ఒకరు ఉండేవారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) చేసింది అదే కదా! వేళగాని వేళ గోదావరి దాటి వచ్చిన బాటసారికి కులం, ఊరు అడక్కుండా విస్తరి వేశారు. గన్నవరం దగ్గర కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో రాష్ట్రంలోని బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే వచ్చింది.

ఇప్పుడు మేనత్తగారి పిల్లలు హైదరాబాద్‌లో, పిన్నిగారి పిల్లలు అమెరికాలో. ఊళ్లో ఇంటికి తాళం. చుట్టరికం తగ్గింది కానీ కోనసీమ మీద మోజు తగ్గలేదు. అందుకే అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల చిన్న చిన్న బసలు వెలుస్తున్నాయి. నాలుగు గదులవి కొన్ని, తోట మధ్యలో రెండే గదులవి కొన్ని. వాటిలో మంచిదేదో ఫొటో చెప్పదు. మనమే అడిగి తెలుసుకోవాలి.

ముందు పని... తర్వాతే గది

మ్యాపులో చూస్తే కోనసీమ అరచేయంత ఉంటుంది. ఓ పక్క గౌతమి, ఓ పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. 'ఎక్కడ దిగితేనేం, అన్నీ దగ్గరే' అనిపిస్తుంది. కానీ ఇక్కడి దారులు కాలువగట్ల వెంట మెలికలు తిరుగుతూ ఊళ్ల మధ్య నుంచి వెళ్తాయి. ట్రాక్టరు అడ్డొస్తే ఆగాలి, గేదెల మంద వస్తే ఆగాలి. అమలాపురం నుంచి అంతర్వేదికి వెళ్లి రావడానికే ఒక పూట పోతుంది.

కాబట్టి ఎందుకు వెళ్తున్నామో ముందు అనుకోవాలి. వాడపల్లి వెంకన్న, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, ఆత్రేయపురం పూతరేకులు... ఇవీ మీ జాబితా అయితే రావులపాలెం, కొత్తపేట వైపు దిగడం మేలు. ఏడు శనివారాల మొక్కున్న భక్తులు వాడపల్లికి పోటెత్తుతారు. అందుకని ఆ చుట్టుపక్కల శుక్రవారం రాత్రికి గది దొరకడం కష్టం. అదే గది సోమవారం ఖాళీగా ఉండొచ్చు.

గోదావరి గట్టున కూర్చుని రెండు రోజులు ఏ పనీ చేయకూడదనుకుంటే రాజోలు వైపు, దిండి. అక్కడ పర్యాటక శాఖ రిసార్టు ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. పాలకొల్లులో రైలు దిగి చించినాడ వంతెన దాటితే వచ్చేసినట్టే. హౌస్‌బోటు కోసమే వెళ్లేవారు మాత్రం ఆ వారంలో అది తిరుగుతోందో లేదో అడిగాకే డబ్బు కట్టాలి. వరద వచ్చినా, మరమ్మతులున్నా పడవ గట్టునే ఉండిపోతుంది.

అన్నీ కొంచెం కొంచెం చూడాలి, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, అవసరమైతే డాక్టరు దగ్గరుండాలి అనుకుంటే అమలాపురమే సరి. అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ, ముక్తేశ్వరం అక్కణ్నుంచి సులువు. అమలాపురానికి రైలు లేదు. రాజమహేంద్రవరంలో దిగి రోడ్డెక్కితే సుమారు 65 కిలోమీటర్లు. కాకినాడ వైపు నుంచి వచ్చేవారికి 2002లో మొదలైన యానాం-ఎదుర్లంక వంతెన ఉంది.

నీళ్లు కనబడతాయా... ఏ నీళ్లు?

'గది కిటికీలోంచి నీళ్లు కనబడతాయి' అని రాసి ఉంటుంది. కోనసీమలో నీళ్లు కనబడని కిటికీ ఎక్కడుంది కనుక! గోదావరా, కాలువా, చేపల చెరువా అన్నదే ప్రశ్న. ఒకప్పుడు వరి పండిన చేలు చాలాచోట్ల రొయ్యల చెరువులయ్యాయి. పగలు చూస్తే అద్దంలా ఉంటుంది. రాత్రి అయితే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ మోత అలవాటు లేనివారికి నిద్ర పట్టదు. గాలి అటు నుంచి వీస్తే వాసన కూడా. 'దగ్గర్లో చెరువులున్నాయాండీ?' అని అడగడంలో తప్పు లేదు.

స్నానాల నీళ్ల సంగతీ అంతే. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బోరునీళ్లు ఉప్పగా ఉండటం మామూలే. సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది. తాగడానికి ఏ నీళ్లు ఇస్తారో, స్నానానికి ఏ నీళ్లు వస్తాయో వేరువేరుగా అడగాలి.

పట్నం లాడ్జీలకు ఇంకో చిక్కుంది. కింద కల్యాణమండపం, పైన గదులు ఉన్నచోట మంచి ముహూర్తం రోజున దిగితే బ్యాండుమేళం తెల్లవార్లూ మనకూ ఉచితమే. తేదీ చెప్పి 'ఆ రోజు పెళ్లిళ్లున్నాయా?' అని అడిగితే సరి.

పొయ్యి ఎవరిది?

చిన్న బస గొప్పతనమంతా వంటింట్లోనే ఉంది. పనసపొట్టు కూర, కందాబచ్చలి, పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి... ఇవి హోటల్ మెనూలో దొరకడం అరుదు. ఇంటావిడ చేతిలో ఉంటాయి. కానీ అవి అనుకున్న వెంటనే అయ్యేవి కావు. పనసపొట్టు కొట్టాలి, బుట్టలు కుట్టాలి. ముందురోజే చెబితే వాళ్లకూ సుఖం, మనకూ రుచి.

అందుకే ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడిగి చూడండి: 'ఈ రోజు ఏం వండారండీ?' గబగబా 'వంకాయ, మామిడికాయ పప్పు, చారు అండీ' అన్నారంటే అక్కడ పొయ్యి వెలుగుతున్నట్టు. 'ఏది కావాలంటే అది తెప్పిస్తామండీ' అన్నారంటే వంట బయటి నుంచి వస్తుందని అర్థం. అది నేరమేమీ కాదు. కాకపోతే ఇంటి భోజనం కోసమే వెళ్లేవాళ్లు ఆ మాట ముందే తెలుసుకోవడం మంచిది.

వంటిల్లు శాకాహారమో కాదో కూడా అడగాలి. శాకాహారం వండే ఇంట్లో చేపల పులుసు అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. ఇక పులస అంటారా... సముద్రంలోంచి వరదనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చిన ఇలసే పులస. అది జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీరు ఉన్నంతవరకే. సంక్రాంతికి కూడా పులస పెడతామని ఎవరైనా అంటే ఆ బసను కాస్త అనుమానించాల్సిందే.

గోదావరి పంచాంగం

కోనసీమకు వేసవి, చలికాలాలతో పాటు వరదకాలం ఒకటి ఉంది. జులై నుంచి సెప్టెంబరు వరకూ నది మనిషి మాట వినదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల్లో వీధుల్లోకి పడవలొచ్చాయి. ఆ రోజుల్లో నది ఒడ్డు గది బుక్ చేసేవారు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఇల్లు ఏటిగట్టుకు లోపలుందా, బయటుందా? వరద హెచ్చరిక వస్తే అడ్వాన్సు తిరిగిస్తారా?

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమవాళ్లు మరచిపోలేరు. ఊళ్లకు ఊళ్లే దెబ్బతిన్నాయి, లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను కూడా నరసాపురం దగ్గరే తీరం దాటింది. వాతావరణశాఖ కబురు చూసుకుని బయల్దేరడం, పక్కా స్లాబు గది ఒకటైనా ఉన్న బస ఎంచుకోవడం తెలివైన పని.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. తేగలు, మంచు, పచ్చటి చేలు. అయితే సంక్రాంతి నాలుగు రోజులూ లెక్క వేరు. కోడిపందేలకు వచ్చేవారు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చేవారు, సొంతూరికి వచ్చేవారు... అమలాపురం నుంచి భీమవరం దాకా గదులన్నీ నిండిపోతాయి. అద్దెకు ఆకాశమే హద్దు. ప్రభల తీర్థం చూడాలంటే కనుమ రోజున ఉండాల్సిందే. తీర్థంతో పనిలేనివాళ్లు మరో వారం ఆగితే అదే గది, అదే గోదావరి, తక్కువ ఖర్చులో. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం. ఆ రోజులకు దేవస్థానం గదుల మీద ఆశ పెట్టుకోకుండా రాజోలులోనో నరసాపురంలోనో చూసుకోవాలి.

తాళం తీసిన మండువా

ఈ చిన్న బసల వెనక ఇంకో కథ ఉంది. మండువా లోగిళ్ల కథ. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం, వాన పడితే ఇంట్లోనే జల్లు. ఉమ్మడి కుటుంబాల కోసం కట్టిన ఇళ్లవి. ఇప్పుడు వాటిలో ఇద్దరు ముసలివాళ్లు ఉంటే గొప్ప. దూలాలకు చెద పడుతుంది, పెంకులు జారతాయి. పెంకు సర్దే పనివాళ్లే దొరకరు. ఏటేటా మరమ్మతు కన్నా పడగొట్టి టేకు కలప అమ్ముకోవడమే లాభమని లెక్క తేలుతుంది. వీధిగుమ్మం ఎవరి రిసార్టులోనో అలంకారమవుతుంది.

అలాంటి ఇంట్లో రెండు గదులు బాగుచేసి, స్నానాల గదులు కట్టి అతిథులను రానిస్తే? ఆ అద్దెతో పెంకు నిలుస్తుంది. కేంద్ర పర్యాటక శాఖ పథకం ఇలాంటి ఇళ్ల కోసమే ఉంది. ఒకటి నుంచి ఆరు గదుల వరకూ అద్దెకిచ్చుకోవచ్చు. యజమాని కుటుంబం అక్కడే నివసించాలి. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. కేరళ ఏనాడో ఈ దారి పట్టి డైమండ్, గోల్డ్, సిల్వర్ అని తన ఇళ్లకు గుర్తింపులిచ్చింది. కోనసీమను 'రెండో కేరళ' అనడం మనకు సరదా. కేరళ నుంచి నేర్చుకోవాల్సింది కొబ్బరిచెట్టు కాదు, ఈ పద్ధతి.

అంతదూరం నుంచి ఇంకో ఉదాహరణ. కరీబియన్ సముద్రంలో డొమినికా అని చిన్న ద్వీపదేశం ఉంది. 750 చదరపు కిలోమీటర్లు, సుమారు 70 వేల జనం, కొండల నిండా వాన అడవి. భారీ హోటళ్లు తక్కువ. కుటుంబాలు నడిపే చిన్న బసలే దాని పేరు నిలబెట్టాయి. 2017 సెప్టెంబరులో మరియా తుపాను దీవిలోని ఇళ్ల కప్పుల్ని ఊడ్చేసింది. తర్వాత ఆ బసలు ఒక్కొక్కటిగా మళ్లీ తలుపులు తెరిచాయి. అడవినీ, ఆతిథ్యాన్నీ వెతుక్కుంటూ యాత్రికులు మళ్లీ వచ్చారు. తుపాను దెబ్బ తెలిసిన కోనసీమకు ఆ కథ పరాయిది కాదు.

బుక్ చేసే ముందు ఇవి అడిగారా?

* ఇంటివాళ్లు అక్కడే ఉంటారా, తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతారా?
* అద్దె గదికా, మనిషికా? అదనపు పరుపు, ఏసీ, డ్రైవరు పడక లెక్కలోకి వస్తాయా?
* ముసలివాళ్లకు మెట్లు లేని గది, కమోడ్ ఉన్నాయా?
* దోమతెరలు, కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నాయా?
* నూతికి, కాలువకు, ఏటి మెట్లకు అడ్డుగోడ ఉందా? పిల్లలున్న ఇంటికి ఇదే మొదటి ప్రశ్న.
* పడవ ఎక్కిస్తామంటే ప్రతి ఒక్కరికీ, పిల్లలతో సహా, లైఫ్‌జాకెట్ ఉందా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ఘోరం తలచుకుంటే ఈ ప్రశ్నకు మొహమాటపడం.
* రాత్రి తోటలో తిరగడానికి దీపాలున్నాయా? పొలాల్లో పాములుంటాయి. టార్చి మనదగ్గరా ఉండాలి.
* విదేశీ పాస్‌పోర్టున్న మనవలు వస్తున్నారా? వాళ్ల వివరాలు బస ఇచ్చినవారు 24 గంటల్లో ప్రభుత్వానికి తెలపాలి. ఆ సంగతి వాళ్లకు తెలుసా?

అడగాల్సినవి మనకెన్ని ఉన్నాయో, ఇంటివాళ్లు మన దగ్గర ఆశించేవీ అన్ని ఉంటాయి. హోటల్ గదిలో మన అరుపులు గోడల దాకానే. పల్లెటూరి ఇంట్లో అయితే వీధి చివరిదాకా. అర్ధరాత్రి పాటలు, ఏటిగట్టున సీసాలు, అడక్కుండా పక్కింటి పెరట్లో ఫొటోలు... ఇలాంటివి రెండుసార్లు జరిగితే ఊరు ఊరుకోదు. ఇంటాయన మొహమాటపడి గదులు మూసేస్తాడు. మండువాకు మళ్లీ తాళం పడుతుంది. భోజనం ఎనిమిదింటికి అని చెప్పి పదింటికి వస్తే అంతసేపూ పొయ్యి దగ్గర కూర్చునేది ఆ ఇంటి ఆడవాళ్లేనని గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ కుదిరిన ఇల్లు దొరికిందా, ఇంకేం ఆలోచించకండి. బయల్దేరే రోజున ఆవిడ 'ఆయ్, మళ్లీ ఎప్పుడొస్తారండీ?' అంటూ కారులో రెండు కొబ్బరికాయలు, ఓ అరటి అత్తం పెట్టించారంటే ఆ లెక్క బిల్లులో వెతకకండి. ఈసారి పిలవకుండానే వెళ్లొచ్చు.