నిఘంటు నిర్మాణము - బహుజన సహకారము

పలువురు కూడి చేయు కార్యమున జనులు హెచ్చిన కొలఁది ప్రయోజనము కూడికవలెఁ గాక గుణకారమువలెఁ బెరుగును. ఇందులకు ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువును నిదర్శనముగాఁ గైకొందుము.

1857లో లండనులోని భాషాశాస్త్ర సంఘము ఈ కార్యమునకు సంకల్పించి, స్వచ్ఛంద పాఠకుల సాయము కోరెను. వారు తాము చదివిన గ్రంథములలోని ప్రయోగములను చీటీలపై వ్రాసి పంపిరి. ఒక చీటీ ఒక ప్రయోగమునే తెలుపును. ఆ పదమునకే వేర్వేరు శతాబ్దుల చీటీలు చేరినచో అర్థపరిణామము బయల్పడును. కావున ప్రతి క్రొత్త చీటీయు పూర్వపు చీటీల విలువను గూడఁ బెంచును.

అయినను సంఖ్య యొక్కటియే చాలదు. 1879లో సంపాదకత్వము వహించిన జేమ్స్ మర్రే చీటీలను పరిశీలింపఁగా, 'అబ్యూజన్' అను అరుదైన పదమునకు సుమారు 50 ప్రయోగములు కనఁబడెను. నిత్యవ్యవహారములోని 'అబ్యూజ్' అను పదమునకు అయిదైనను లేవు. పాఠకులు వింతపదములనే ఏరి, తెలిసినవని తక్కిన వానిని విడిచిరి. అందుచేత మర్రే తన విజ్ఞప్తిలో సామాన్య పదములను గూడఁ బంపుఁడని ప్రత్యేకముగాఁ గోరెను. 1928లో నిఘంటువు పూర్తియయ్యెను.

తెలుఁగున 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములను గ్రంథస్థము గావించినది. ఇట్టి కృషికి నేఁడును అవకాశము కలదు. పరిశోధక విద్యార్థులు తమ యూరి వాడుక పదములను, ఊరిపేరుతోను, పలికినవారి వృత్తితోను గుర్తించి యుంచినచో, ఒకరి చీటీ వేఱొకరి చీటీకి అర్థము చెప్పఁగలదని మా విశ్వాసము.