గోధుమ గింజకు చలి కావాలి

బొంబాయి రవ్వతో ఉప్మా చేసుకుంటాం. పండగనాడు పూరీలు చేసుకుంటాం. ఆ రవ్వ, ఈ పిండి రెండూ గోధుమల నుంచే వస్తాయి. కానీ మన పొలాల్లో గోధుమ చేను పెద్దగా కనపడదు. ఎందుకని?

గోధుమ చలి పంట. పిలకలు వేసే రోజుల్లో దానికి బాగా చలి ఉండాలి. మన దగ్గర చలి రోజులు తక్కువ. ఆదిలాబాద్ వైపు కొందరు కొద్దిగా వేస్తారు. అంతే.

ఎక్కడ పండుతుంది?

ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, పంజాబ్, హర్యానా, రాజస్థాన్. మన దేశంలో పండే గోధుమల్లో ఎక్కువ భాగం ఈ అయిదు రాష్ట్రాలదే. అక్కడ ఎక్కువమంది రైతులు నవంబరులో విత్తుతారు. విత్తిన మూడు వారాలకు మొదటి తడి పెడతారు. అప్పుడే వేళ్లు ఊనుకుంటాయి. ఆ తడి తప్పితే పిలకలు తగ్గిపోతాయి. పంట చేతికి రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది.

కోత అంతటా ఒకేసారి రాదు. గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో ఎండ ముందుగా ముదురుతుంది. అక్కడ మార్చిలోనే కోతలు సాగుతాయి. పంజాబ్, హర్యానాలలో చలి ఎక్కువ రోజులు ఉంటుంది. అక్కడ ఏప్రిల్‌లో కోస్తారు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వచ్చే బైశాఖి పంజాబు రైతులకు కోతల పండగ. హిమాలయ కొండల్లో మే నెలలో కూడా కోతలు ఉంటాయి.

2022లో ఏం జరిగింది?

ఆ ఏడాది పైరు బాగా ఎదిగింది. కంకులు బాగా వేసింది. దేశంలో 11 కోట్ల టన్నులకు పైగా పండుతుందని ఫిబ్రవరిలో ప్రభుత్వం లెక్క వేసింది. అంతలో మార్చి వచ్చింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అంత వేడి మార్చి అప్పటిదాకా లేదు.

మార్చిలో పంజాబ్, హర్యానా చేలల్లో గింజ పాలు పోసుకుంటుంది. మన వరి కంకిని ఆ దశలో నొక్కితే పాలు వస్తాయి గదా, అలాగే. ఆ పాలు నిదానంగా గట్టిపడాలి. అప్పుడే గింజ నిండుతుంది. ఎండ ముదిరితే పైరు తొందరపడి పండిపోతుంది. గింజ నిండకుండానే ఎండిపోతుంది. ముడతలు పడి సన్నబడుతుంది. కంకి ఉంటుంది, గింజ ఉంటుంది, తూకం మాత్రం ఉండదు.

పంజాబ్‌లో ఎకరానికి సగటున రెండు క్వింటాళ్లకు పైగా దిగుబడి తగ్గింది. నాలుగు నెలల కష్టాన్ని కొద్ది రోజుల వేడి దెబ్బతీసింది. మధ్యప్రదేశ్‌లో అప్పటికే గింజ ముదిరింది. అందుకే అక్కడ అంత దెబ్బ తగలలేదు.

ఆ దెబ్బ ఎంత దూరం వెళ్లింది?

మామూలుగా నూటికి ఆరు వంతులకు మించి ముడత గింజలుంటే ప్రభుత్వం కొనదు. ఆ ఏడాది 18 వంతుల దాకా ఉన్నా కొన్నది. అయినా ప్రభుత్వ గిడ్డంగులకు గోధుమలు చాలా తక్కువ వచ్చాయి. ముందు ఏడాది 433 లక్షల టన్నులు కొంటే, 2022లో 188 లక్షల టన్నులే కొన్నది. అదే సమయంలో ఉక్రెయిన్‌లో యుద్ధం వల్ల ప్రపంచమంతా గోధుమల ధర పెరిగింది. అందుకని వ్యాపారులు కూడా ఎక్కువ ధర ఇచ్చి రైతుల దగ్గర కొనుక్కున్నారు. మే 13న ప్రభుత్వం గోధుమల ఎగుమతి ఆపేసింది. కొన్ని రాష్ట్రాల్లో ఉచిత రేషన్‌లో గోధుమలకు బదులు బియ్యం ఇచ్చారు.

రైతు ఏం చేయగలడు?

ఎండను ఆపలేం. కానీ దెబ్బ తగ్గించుకోవచ్చు. మొదటిది, అదునులో విత్తడం. ఆలస్యంగా విత్తిన చేనుకే ఎండ దెబ్బ ఎక్కువ. వరి కోశాక గడ్డి తీసేదాకా ఆగకుండా, ఆ గడ్డిలోనే విత్తనం వేసే యంత్రాలు ఉన్నాయి. వాటితో రోజులు కలిసివస్తాయి. గడ్డి తగలబెట్టే పని కూడా ఉండదు. రెండోది, వేడిని తట్టుకునే రకాలు వేయడం. మూడోది, గింజ నిండే రోజుల్లో ఎండ ముదిరితే పలచగా తడి ఇవ్వడం. అయితే గాలి లేనప్పుడే ఇవ్వాలి. తడి నేలలో గాలి వీస్తే పైరు పడిపోతుంది.

పంట ఎక్కడిదైనా అదును ఒక్కటే మాట. పంజాబ్‌లో మార్చి ఎండ ముదిరితే, ఆ సెగ మన ఊరి కొట్లో రవ్వ ధరకూ తగులుతుంది.

ఆలోచించండి: మీ ఊళ్లో ఏ పంటకు ఏ రోజుల్లో ఎండ దెబ్బ ఎక్కువ? అప్పుడు రైతులు ఏం చేస్తున్నారు?