శస్త్రచికిత్సకు ముందు రక్తపరీక్ష: ఎప్పుడు, ఎందుకు?

శస్త్రచికిత్సలు రెండు విధాలు. ప్రమాదం సంభవించినప్పుడు తక్షణం చేయవలసినవి కొన్ని. హెర్నియా, గర్భసంచి తొలగింపు, మోకాలి కీలు మార్పిడి వంటివి తేదీని ముందుగా నిర్ణయించుకొని చేయించుకొనదగినవి. హాలహర్వి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల సేద్యగాళ్ల ఇళ్లలో ఈ రెండవ తెగ ఆపరేషన్లకు తేదీ నిర్ణయించేది తరచుగా వైద్యుడు కాదు, పొలం. పత్తి తీతలు ముగిసిన పిమ్మట చూద్దామంటారు పెద్దలు. అందులో తప్పులేదు. అలా వేచియుండే వారాలలో రక్తపరీక్ష జరుగకపోవడమే విచారకరం.

స్త్రీలలో వంద మిల్లీలీటర్ల రక్తానికి 12 గ్రాములకన్న, పురుషులలో 13 గ్రాములకన్న హిమోగ్లోబిన్ తక్కువైతే దానిని రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులే. అధిక రక్తస్రావం వల్ల గర్భసంచి తీయించుకొనవచ్చే స్త్రీని గమనించండి. ఏ వ్యాధి ఆమెను ఆస్పత్రికి తెచ్చినదో ఆ వ్యాధియే ఆమె రక్తాన్ని హరించియుంటుంది. ఆపరేషన్ ముందునాడు పరీక్షించి హిమోగ్లోబిన్ ఏడు గ్రాములే ఉన్నదని తెలిస్తే, ఆమెను తిప్పి పంపవలె, లేదా ఇతరుల రక్తం ఎక్కించవలె. మొదటిదానివల్ల చార్జీలు, కూలి రెండూ నష్టం. రెండవదానికి దాతలను వెదకవలె. ఎక్కించిన రక్తం వల్ల వికటించే ప్రమాదమూ కొంత లేకపోలేదు.

నాలుగైదు వారాల ముందే పరీక్ష జరిగియుంటే ఇనుము మాత్రలు పనిచేయుటకు వ్యవధి చిక్కేది. మొలల రక్తస్రావమా, కొంకిపురుగులా అని మూలకారణాన్ని విచారించుటకూ వీలయ్యేది. రక్తహీనత అనగానే ఇనుమే గుర్తుకు వస్తుంది గాని, ఫోలిక్ ఆమ్లం కొరత కూడ ఒక కారణమే. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

మధుమేహం సంగతీ ఇంతే. ఒక్కనాటి ఉపవాసంతో చక్కెర తగ్గినట్లు కనిపించవచ్చు. గడచిన రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షను మాత్రం మభ్యపెట్టజాలము. అది ఎక్కువగా ఉంటే పుండు మానదు, చీము పట్టే భయముంటుంది. దానిని అదుపునకు తెచ్చుటకు వారాలు పడుతుంది.

అయితే పరీక్షలన్నీ ముందుగా చేయించుకొనదగినవి కావు. లాండ్‌స్టైనర్ 1901లో కనుగొన్న రక్తవర్గాలు జీవితాంతం మారవు గనుక పాత కార్డు చాలునని పలువురి నమ్మకం. అది చాలదు. దాత రక్తం రోగి రక్తంతో పొసగుతుందో లేదో చూచే క్రాస్‌మ్యాచ్‌కు తాజా నమూనా కావలె. గత మూడు నెలలలో గర్భవతులైనవారి విషయంలో, రక్తం ఎక్కించుకొన్నవారి విషయంలో ఆ నమూనా మూడు రోజులకు మించినది కారాదు.

ఇక, ప్రతి ఆపరేషన్‌కూ పరీక్షల చాంతాడు అక్కరలేదు. అమెరికా, కెనడాలలో సుమారు 19,000 కంటి శుక్లాల ఆపరేషన్లను పరిశీలించి 2000లో ప్రకటించిన అధ్యయనంలో, ముందస్తు పరీక్షలు చేయించుకొన్నవారికీ చేయించుకొననివారికీ చిక్కులు సమానంగానే కనిపించాయి.